‘సీతమ్మ కథ’ నుండి ‘ఆడవాళ్ళు ఏకమైతే’ వరకు: నెల్లూరు అక్షరాస్యతా వాచకాలు, పౌరచైతన్యం

ఉపోద్ఘాతం

తెలుగు సాహిత్య చరిత్రకారులు వాచకాన్ని సాహిత్య ప్రక్రియగా పరిగణించడం అరుదు. పెద్దబాలశిక్షను ప్రస్తావించినా భాషాభ్యాస చరిత్రలో భాగంగానో, అచ్చు చరిత్రలో ఒక ఘట్టంగానో ప్రస్తావిస్తారు. వయోజనుల కోసం తయారైన వాచకాలకు ఆ మాత్రపు చోటు కూడా దక్కలేదు. అయితే 1991 నుండి 1993 వరకు నెల్లూరు జిల్లాలో జరిగిన పరిణామాలను వివరించడానికి పూనుకున్నవారెవరైనా రెండు వాచక పాఠాలను పేర్కొనక తప్పదు. మొదటిది ‘సీతమ్మ కథ’. రెండవది ‘ఆడవాళ్ళు ఏకమైతే’. మొదటి పాఠాన్ని గ్రామీణ స్త్రీలు చదివారు. రెండవ పాఠానికి వారే వస్తువయ్యారు. ఈ రెండు పాఠాల నడుమ ఒక చారిత్రక ఉద్యమం ఉంది.

ఈ ఉద్యమాన్ని గూర్చి ప్రచారంలో ఉన్న కథనం సరళమైనది: నిరక్షరాస్యులైన స్త్రీలు రాత్రిబడికి వెళ్లారు, సారా దుకాణాన్ని మూయించిన స్త్రీ కథను చదివారు, చైతన్యవంతులై తమ ఊరి దుకాణాన్ని మూయించారు. ఈ కథనంలో చైతన్యం పుస్తకంలో పుట్టి మనిషిలోకి ప్రవహిస్తుంది. స్త్రీలు ఆ చైతన్యాన్ని అందుకునే పాత్రలుగా మాత్రమే మిగులుతారు. సారా తమ ఇంటికి చేసే కీడును గ్రహించడానికి వారికి వాచకం అవసరం లేదన్న విషయాన్ని ఈ కథనం విస్మరిస్తుంది. అలాగని పాఠానికి ఏ పాత్రా లేదనడమూ సరికాదు. తెలిసిన బాధను పదిమందిలో చెప్పదగిన విషయంగా, ప్రభుత్వాన్ని అడగదగిన ప్రశ్నగా మార్చుకోవడానికి ఒక స్థలమూ ఒక కథన రూపమూ కావలసి వచ్చాయి. రాత్రిబడి ఆ స్థలాన్ని ఇచ్చింది. వాచకం ఆ రూపాన్ని ఇచ్చింది. మిగిలినది స్త్రీలు చేశారు. ఈ ప్రతిపాదనను వాచక పాఠాల శీర్షికలు, కథావస్తువు, అవి చదివిన సందర్భం ఆధారంగా నిరూపించడం ఈ వ్యాసం లక్ష్యం.

బడి వెలుపలి చదువు: తెలుగునాట పూర్వరంగం

అనియత విద్య అనే పారిభాషిక పదం ఇటీవలిదే అయినా, బడి వెలుపల చదువును పౌరజీవనంతో ముడిపెట్టిన ప్రయత్నాలు తెలుగునాట కొత్తవి కావు. 1901లో హైదరాబాదులో స్థాపితమైన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, 1904లో హనుమకొండలో వెలసిన రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయం, 1914లో విజయవాడలో ఏర్పడిన ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఈ కోవకు చెందినవి. అయ్యంకి వెంకటరమణయ్య, గాడిచర్ల హరిసర్వోత్తమరావు, పాతూరి నాగభూషణం వంటివారు గ్రంథాలయాన్ని పుస్తకాలు దాచే గదిగా కాక ప్రజలు కూడే చోటుగా భావించారు. 1935లో కృష్ణా కాలువపై నడిచిన పడవ గ్రంథాలయం ఈ భావనకు ప్రసిద్ధమైన ఉదాహరణ. గాడిచర్ల వయోజన విద్యను గ్రంథాలయోద్యమానికి జంటగా నడిపించడానికి కృషి చేశారు. హైదరాబాదు సంస్థానంలో భాగ్యరెడ్డివర్మ దళిత బాలబాలికల కోసం పాఠశాలలు నడిపారు. అక్కడ చదువుకు సమానత్వమే ప్రధాన ధ్యేయం.

గ్రంథాలయోద్యమానికి ఒక పరిమితి ఉంది. అది అప్పటికే చదవగలిగినవారిని ప్రధానంగా ఉద్దేశించింది. చదవలేనివారికి చదివి వినిపించడం ఉన్నా, వారి కోసం ప్రత్యేకమైన పాఠ్యం రూపొందడం తక్కువ. వయోజన వాచకం ఈ ఖాళీలో పుట్టిన ప్రక్రియ. దీని పాఠకుడు అనుభవంలో పెద్దవాడు, అక్షరంలో పసివాడు. ఈ రెండింటి నడుమ పొత్తు కుదర్చడమే వయోజన వాచక రచయిత ఎదుర్కొన్న మౌలిక సమస్య. బాలవాచకంలో ‘అమ్మ’, ‘ఆవు’ అనే మాటలు బాలుడికి లోకాన్ని పరిచయం చేస్తాయి. ముప్పై ఏళ్ల కూలితల్లికి ఆ మాటలు చెప్పే కొత్త సంగతి ఏమీ లేదు. ఆమెకు తెలియనిది అక్షరమే తప్ప లోకం కాదు.

అక్షరాస్యతకు కొత్త నిర్వచనం

1978 అక్టోబరు 2న జాతీయ వయోజన విద్యా కార్యక్రమం మొదలైంది. ఒక దశాబ్దం తరువాత, 1988 మే 5న, జాతీయ అక్షరాస్యతా మిషన్ ప్రారంభమైంది. మిషన్ ఇచ్చిన నిర్వచనం గమనించదగినది. చదవడం, రాయడం, లెక్కలు చేయడంలో స్వయంసమృద్ధి సాధించడంతో అది ఆగలేదు. తమ లేమికి కారణాలను అభ్యాసకులు గ్రహించాలనీ, సంఘటితమై అభివృద్ధి ప్రక్రియలో పాల్గొని తమ స్థితిని మెరుగుపరచుకోవాలనీ పేర్కొంది. అలవరచుకోవలసిన విలువల్లో స్త్రీల సమానత్వాన్ని కూడా చేర్చింది. అంటే సంఘటితం కావడం అక్షరాస్యత తరువాతి దశ కాదు, అక్షరాస్యతలోనే అంతర్భాగం. ఒక ప్రభుత్వ పత్రం ఈ మాట చెప్పడం విశేషం. ఆ మాటను గ్రామీణ స్త్రీలు అక్షరాలా పాటిస్తారని పత్రాన్ని రూపొందించినవారు ఊహించారో లేదో వేరే సంగతి.

ఈ నిర్వచనం వెనుక రెండు ధారలు కనిపిస్తాయి. బ్రెజిల్ విద్యావేత్త పాలో ఫ్రెయిరీ ఆలోచన మొదటిది. అభ్యాసకుడిని ఖాళీ పాత్రగా చూడరాదనీ, అతని జీవితం నుండే మాటను తీసుకుని ఆ మాట చుట్టూ చర్చ నడపాలనీ, అక్షరం ఆ చర్చ నుండి వెలువడాలనీ ఆయన ప్రతిపాదించాడు. భారతదేశంలోని ప్రజావిజ్ఞాన ఉద్యమాలు రెండవ ధార. కేరళ శాస్త్ర సాహిత్య పరిషత్తు క్రియాశీల పాత్ర వహించిన ఎర్నాకుళం ప్రయోగం ఫలితంగా 1990 ఫిబ్రవరిలో ఆ జిల్లా సంపూర్ణ అక్షరాస్యత సాధించినట్లు ప్రకటన వెలువడింది. 1989లో ఏర్పడిన భారత జ్ఞాన విజ్ఞాన సమితి కళాజాతాల ద్వారా ఆ ప్రయోగ స్ఫూర్తిని దేశమంతటా వ్యాపింపజేసింది. తెలుగునాట 1988లో ఆవిర్భవించిన జనవిజ్ఞాన వేదిక ఈ బాధ్యతను స్వీకరించింది.

ఈ ఉద్యమపు లౌకిక స్వభావాన్ని ఇక్కడ గుర్తించాలి. పల్లెలో పదిమంది కూడే సంప్రదాయిక సందర్భాల్లో భజన, హరికథ, జాతర ముఖ్యమైనవి. వీటిలో ఎవరు ముందు కూర్చోవాలి, ఎవరు దూరంగా నిలబడాలి అనే విషయాన్ని కులాచారం నిర్ణయించేది. కళాజాతా ఈ కళారూపాల బాణీలను స్వీకరించి, వాటి వస్తువును మార్చింది. దేవుడి కథ చెప్పే చోట ఊరి కథ చెప్పింది. ప్రవేశానికి మతంగానీ కులంగానీ అర్హత కాలేదు. చదువు రాకపోవడమే అర్హత అయింది.

రాత్రిబడి: సమయం, స్థలం

1991 జనాభా లెక్కల ప్రకారం ఆంధ్రప్రదేశ్ అక్షరాస్యత 44.09 శాతం. స్త్రీలలో అది 32.72 శాతం మాత్రమే. ఈ నేపథ్యంలో నెల్లూరు జిల్లాలో ‘అక్షరదీపం’ పేరుతో సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం సాగింది. జిల్లా యంత్రాంగం, జనవిజ్ఞాన వేదిక కార్యకర్తలు, ఉపాధ్యాయులు, విద్యావంతులైన యువతీయువకులు ఇందులో భాగస్వాములయ్యారు. జీతం లేని వాలంటీరు సుమారు పదిమందికి చదువు చెప్పడం, మూడు వాచకాలను దశలవారీగా పూర్తిచేయడం, సుమారు 200 గంటల బోధన, వాచకంలోనే అభ్యాసాలూ పరీక్షలూ ఉండడం దేశవ్యాప్తంగా మిషన్ నిర్దేశించిన పద్ధతి.

ఈ పద్ధతిలో బోధనా సమయానికి ఉన్న ప్రాధాన్యాన్ని పరిశోధకులు తగినంతగా గుర్తించలేదు. కూలిపని ముగించి, వంట చేసి, పిల్లలకు అన్నం పెట్టిన తరువాత స్త్రీలు రాత్రిబడికి వస్తారు. సారా దుకాణం వద్ద సందడి పెరిగేదీ ఆ వేళకే. పగటి కూలి డబ్బు ఇల్లు చేరాలా, దుకాణం చేరాలా అన్నది తేలేదీ అప్పుడే. కనుక రాత్రిబడి, సారా దుకాణం ఒకే ఊళ్లో, ఒకే వేళలో ఎదురెదురుగా నిలిచాయి. తాగి వచ్చినవారు చదువుకు అడ్డుపడడం, ఇంట్లో గొడవ జరిగితే స్త్రీ మరునాడు బడికి రాలేకపోవడం వంటివి చదువు దైనందిన సమస్యలయ్యాయి. రాత్రిబడి సాగాలంటే ముందు సారా దుకాణం మూతపడాలనే కోరిక ఈ పరిస్థితి నుండి సహజంగా వెలువడింది. పాఠంలో సారా ప్రస్తావన లేకపోయినా ఈ కోరిక పుట్టడానికి అవకాశం ఉండేది.

రాత్రిబడి ఇచ్చిన మరొక అవకాశం కూడిక. పల్లెలో స్త్రీలు ఒకచోట చేరే సందర్భాలు లేకపోలేదు. నీళ్ల రేవు, కలుపుచేను, నాట్లగట్టు అటువంటివే. ఆ కూడికలన్నీ పనికి అనుబంధాలు. అక్కడ మాట పనితో పాటు సాగి పనితో పాటు ముగుస్తుంది. మాట కోసమే కూర్చునే చోటు పురుషులకు రచ్చబండ రూపంలో ఉండేది. స్త్రీలకు ఆ చోటు లేదు. రాత్రిబడి స్త్రీల రచ్చబండ అయింది. పైగా దానికి ప్రభుత్వ కార్యక్రమమనే గుర్తింపు ఉంది. ‘ఎక్కడికి వెళుతున్నావు?’ అన్న ప్రశ్నకు ‘చదువుకోవడానికి’ అనే సమాధానం ఆ స్త్రీలకు ఇంటి గడప దాటే హక్కును ఇచ్చింది.

‘సీతమ్మ కథ’: నీతి నుండి కథకు

సంప్రదాయ బాలవాచకాల్లో నీతి ప్రధానంగా విధి, నిషేధ రూపాల్లో ఉంటుంది. ఫలానా పని చేయుమనీ, ఫలానా పని చేయవద్దనీ పెద్దలు పిన్నలకు చెబుతారు. వాక్యం మధ్యమ పురుష ఏకవచనంలో ఉంటుంది. చెప్పేవారి అధికారం, వినేవారి విధేయత ఆ వ్యాకరణ రూపంలోనే ఇమిడి ఉంటాయి. మద్యపానాన్ని గూర్చిన సాధారణ ప్రబోధం కూడా ఈ పద్ధతినే అనుసరిస్తుంది. తాగవద్దని తాగేవాడికి చెబుతుంది. తాగనివారికి, తాగుడు ఫలితాన్ని భరించేవారికి ఆ ప్రబోధంలో స్థానం ఉండదు.

‘సీతమ్మ కథ’ ఈ పద్ధతిని విడిచిపెట్టింది. సారా వల్ల బాధపడే స్త్రీ తన ఊరి స్త్రీలను కూడగట్టి దుకాణాన్ని మూయించడం ఈ కథలోని సారాంశం. ఇక్కడ సంబోధ్యుడు తాగే పురుషుడు కాదు. కర్తృస్థానంలో ఉన్నది స్త్రీ. తాగుడు వ్యక్తి దురలవాటుగా కాక దుకాణం అనే వ్యవస్థగా కనిపిస్తుంది. భర్తను మార్చడం ఒక స్త్రీ వల్ల సాధ్యం కాకపోవచ్చు. దుకాణాన్ని మూయించడం పదిమంది వల్ల సాధ్యం కావచ్చు. సమస్యను నిర్వచించే తీరు మారగానే పరిష్కారం స్వరూపమూ మారింది. కథ చేసిన ప్రధానమైన పని ఇదే.

నాయిక పేరు కూడా ఆలోచింపజేస్తుంది. సీత అనే పేరుకు తెలుగు స్త్రీల పాటల సంప్రదాయంలో సుదీర్ఘమైన చరిత్ర ఉంది. సీత కష్టాలను పాడుకోవడం ద్వారా తమ కష్టాలను చెప్పుకునే ఆచారం తెలుగు స్త్రీలకు సుపరిచితం. అయితే ఆ పాటల్లో సీత ప్రధానంగా సహిస్తుంది, దుఃఖిస్తుంది, కొన్నిచోట్ల ప్రశ్నిస్తుంది. వాచకంలోని సీతమ్మ ఇంటి బయటికి వచ్చి తోటి స్త్రీలతో కలిసి ఒక పనిని పూర్తిచేస్తుంది. పాతపేరులోని పరిచయం శ్రోతలను దగ్గరకు చేరుస్తుంది. కొత్త కథలోని నడక వారిని ముందుకు తీసుకుపోతుంది. ‘అమ్మ’ అనే ప్రత్యయం ఆ సీతను పురాణం నుండి పక్కింటికి తెచ్చింది.

దూబగుంట

కలిగిరి మండలంలోని దూబగుంట ఈ ఉద్యమ చరిత్రలో ఆరంభ స్థానంగా ప్రసిద్ధి పొందింది. సారా తాగినవారు చెరువులో పడి మరణించడంతో 1991లో అక్కడి స్త్రీలు ఏకమయ్యారు. ఊళ్లోకి మద్యం రాకుండా అడ్డుకుని, దుకాణాన్ని మూయించారు. వారికి నాయకత్వం వహించిన వర్ధినేని రోశమ్మ దూబగుంట రోశమ్మగా రాష్ట్రమంతటికీ పరిచితురాలయ్యారు. దూబగుంట వార్త ఇతర గ్రామాలకు పాకింది. 1992లో జిల్లాలో సారా దుకాణాల వేలం పాటలు స్త్రీల నిరసనల వల్ల పదేపదే వాయిదా పడ్డాయి.

ఈ సంఘటనకూ ‘సీతమ్మ కథ’కూ మధ్య ఉన్న సంబంధాన్ని ఎలా అర్థం చేసుకోవాలి? కథను అనుకరించి స్త్రీలు ఉద్యమించారని చెప్పడం సులభం. కానీ చెరువులో పడిన మృతదేహాలు కథలోనివి కావు. ఆ దుఃఖం ఊరిది, ఆ ఆగ్రహం ఊరిది. అటువంటి మరణాలు అంతకుముందు కూడా పల్లెల్లో జరిగాయి. వాటిని విధిరాతగానో, తాగినవాడి తప్పుగానో చెప్పుకునేవారు. ఈసారి ఆ మరణం ‘దుకాణం ఎందుకుంది?’ అనే ప్రశ్నకు దారితీసింది. అనుభవం స్త్రీలది. ఆ అనుభవాన్ని కార్యకారణ సంబంధంలో పేర్చే కథన క్రమం అప్పటికే రాత్రిబడి చర్చల్లో వారికి పరిచయమై ఉంది. కథ వారికి కర్తవ్యాన్ని బోధించిందనడం కన్నా, వారి కర్తవ్యానికి ఒక పూర్వోదాహరణను చూపిందనడం సమంజసం.

‘ఆడవాళ్ళు ఏకమైతే’: ఒక చేదర్థకం

అక్షరాస్యతానంతర దశ కోసం రూపొందిన ‘చదువు వెలుగు’ వాచకంలో దూబగుంట ఉదంతం ‘ఆడవాళ్ళు ఏకమైతే’ అనే పాఠంగా చేరింది. తెలుగు వాచక చరిత్రలో ఇది అరుదైన ఘట్టం. వాచకం చదివినవారి చర్య మరొక వాచకంలో పాఠమైంది. చదువరి, కథావస్తువు అనే రెండు స్థానాల మధ్య దూరం కొద్దికాలంలోనే తొలగిపోయింది. ఈ పాఠాన్ని చదివిన ఇతర గ్రామాల స్త్రీలకు అది ఊహాజనితమైన కథ కాదు. నడిచి వెళ్లి చూసిరాదగిన ఊరి సంగతి.

రెండు శీర్షికలను పక్కపక్కన ఉంచి పరిశీలిస్తే మూడు మార్పులు కనిపిస్తాయి. మొదటిది, వ్యక్తినామం స్థానంలో సామాన్యనామం వచ్చింది. రెండవది, ఏకవచనం బహువచనమైంది. మూడవది, అన్నిటికన్నా ముఖ్యమైనది, నామపదంతో ముగిసిన శీర్షిక స్థానంలో అసమాపక క్రియతో ఆగిన శీర్షిక వచ్చింది. ‘సీతమ్మ కథ’ అన్నప్పుడు కథ జరిగిపోయింది. ‘ఏకమైతే’ చేదర్థకం. దానికి సమాపక క్రియ లేదు. ఏకమైతే ఏమవుతుందో శీర్షిక చెప్పదు. దూబగుంటలో జరిగిన సంఘటన భూతకాలానికి చెందినది. అయినా శీర్షిక దాన్ని భూతకాలంలో నిలపకుండా షరతుగా, సంభావ్యతగా మార్చింది. వాక్యాన్ని పూర్తిచేసే బాధ్యత చదివే ఊరిపై పడింది. 1992లో జిల్లాలోని అనేక గ్రామాలు ఆ వాక్యాన్ని తమతమ రీతుల్లో పూర్తిచేశాయి.

తెలుగు భాషలోని మరొక విశేషం ఇక్కడ ఉపకరిస్తుంది. తెలుగులో ఉత్తమ పురుష బహువచనం రెండు విధాలు. శ్రోతను కలుపుకొనేది ‘మనం’. శ్రోతను వేరుచేసేది ‘మేము’. రాత్రిబడి చర్చ స్వభావరీత్యా ‘మనం’ అనే మాటలో జరుగుతుంది. అధికారి ముందు నిలిచి అడిగేటప్పుడు ఆ మాట ‘మేము’ కావలసిందే. ఇంటి బాధను ‘నేను’తో చెప్పుకునే స్త్రీ, రాత్రిబడిలో ‘మనం’ అని పలికి, వేలం పాట జరిగే చోట ‘మేము’గా నిలవడం పౌరత్వం ఏర్పడే క్రమం. ఓటు హక్కు ఆ స్త్రీలకు రాజ్యాంగం ద్వారా అప్పటికే లభించింది. ప్రభుత్వాన్ని ఎదురుగా నిలిపి అడిగే సర్వనామాన్ని మాత్రం వారు స్వయంగా సంపాదించుకున్నారు.

ఒకే ప్రభుత్వం, రెండు పాటలు

ఆబ్కారీ ఆదాయం రాష్ట్రంలో 1970-71లో సుమారు 39 కోట్ల రూపాయలు ఉండగా, 1991-92 నాటికి అది 812 కోట్లకు పెరిగింది. 1980ల తొలినాళ్లలో మొదలైన ‘వారుణి వాహిని’ పథకం కింద సారా పొట్లాల రూపంలో పల్లెలకు చేరింది. ‘వారుణి’ సంస్కృతంలో మద్యానికి పర్యాయపదం. పొట్లం కొనే కూలికి ఆ మాట అర్థం తెలిసే అవకాశం తక్కువ. అక్షరాస్యతా వాచకం సాధ్యమైనంత సులభమైన తెలుగును వెతుక్కుంటున్న కాలంలోనే ప్రభుత్వం సారా సరఫరాకు గ్రాంథికమైన పేరును ధరింపజేసింది. అధికార భాషకూ ప్రజల భాషకూ మధ్య ఉన్న అంతరానికి ఇది ఒక నిదర్శనం.

తెలుగులో ‘పాట’ అనే మాటకు గేయమనీ వేలమనీ రెండర్థాలు ఉన్నాయి. కళాజాతా పాటను పల్లెకు పంపిందీ, సారా దుకాణాల పాటను నిర్వహించిందీ ఒకే జిల్లా యంత్రాంగం. అక్షరాస్యతకు నిధులు ఇచ్చిన ప్రభుత్వమే సారా ఆదాయంపై ఆధారపడింది. స్త్రీల ఉద్యమం ఈ వైరుధ్యాన్ని బహిర్గతం చేసింది. ప్రభుత్వం తన నిర్వచనంలో రాసుకున్న సంఘటిత చర్యను తన ఆదాయ మార్గానికి ఎదురుగా చూడవలసి వచ్చింది. అనియత విద్య ప్రభుత్వ కార్యక్రమంగా ఎంతవరకు సాగగలదు అనే ప్రశ్నకు నెల్లూరు ఇచ్చిన సమాధానం ఇక్కడ ఉంది: అభ్యాసకులు నిర్వచనాన్ని నమ్మినంతవరకు.

ఎవరి కథ?

1992లో ఉద్యమం విస్తరించిన కొద్దీ దానిని చెప్పేవారి సంఖ్య పెరిగింది. ‘ఈనాడు’ దినపత్రిక ‘సారాపై సమరం’ శీర్షికతో ప్రత్యేక పుటను కేటాయించింది. ఒక ఊరి వార్త మరొక ఊరికి వేగంగా చేరడంలో పత్రిక పాత్ర కాదనలేనిది. నవ అక్షరాస్యులకు దినపత్రిక నాలుగవ వాచకమైందని చెప్పవచ్చు. తమను గూర్చిన వార్తను తామే కూడబలుక్కుని చదవడం ఆ స్త్రీలకు లభించిన కొత్త అనుభవం.

పండితుల విశ్లేషణలు కూడా వెలువడ్డాయి. 1993 జనవరిలో ‘ఎకనమిక్ అండ్ పొలిటికల్ వీక్లీ’లో అన్వేషి పరిశోధక బృందం రాసిన వ్యాసం నెల్లూరు గ్రామీణ స్త్రీలు రాజకీయాన్నే కొత్తగా నిర్వచించారని ప్రతిపాదించింది. గాంధేయులు, వామపక్షాలు, పత్రికలు, ప్రభుత్వం ఎవరి కథలో వారు ఈ స్త్రీలను ఇముడ్చుకున్న తీరును సూసీ తారు, తేజస్విని నిరంజన 1996లో వెలువడిన తమ వ్యాసంలో చర్చించారు. చదువు వల్ల కళ్లు తెరుచుకున్నాయనే కథనం కూడా అలాంటి ఇముడ్చుకోవడమే. అందులో నాయకస్థానం అక్షరానికి, అంటే అక్షరాన్ని ఇచ్చినవారికి దక్కుతుంది.

‘ఆడవాళ్ళు’ అనే సామాన్యనామాన్ని కూడా ఈ దృష్టితో పరిశీలించాలి. ఆ మాట ఐక్యతను సాధించింది. అదే సమయంలో ఆ ఐక్యతలోని భేదాలను కప్పింది. ఉద్యమంలో ముందు నిలిచినవారిలో అత్యధికులు దళిత, వెనుకబడిన కులాలకు చెందిన కూలి స్త్రీలు. కూలి డబ్బు, తిండిగింజలు, పిల్లల ఆకలి వారి ప్రశ్నలో ప్రధానాంశాలు. వార్తలోనూ వాచకంలోనూ వారు ‘ఆడవాళ్ళు’గా, ‘అమ్మలు’గా, ‘గృహిణులు’గా కనిపించినప్పుడు, ఆ ప్రశ్నలోని కుల, వర్గ కోణం పలచబడి కుటుంబ సంక్షేమం అనే కోణం బలపడింది. సమానత్వాన్ని బోధించిన వాచకం స్త్రీపురుష భేదాన్ని స్పష్టంగా పలికినంతగా స్త్రీల మధ్య ఉన్న భేదాన్ని పలకలేదు. ఇది వాచక రచయితల లోపం అనడం కన్నా, అందరినీ ఒక పాఠంలో కూర్చోబెట్టవలసిన ప్రక్రియకు ఉన్న పరిమితి అనడం న్యాయం.

ఉద్యమానంతరం

స్త్రీల ఒత్తిడికి ప్రభుత్వం తలొగ్గింది. 1993 ఏప్రిల్ 15న నెల్లూరు జిల్లాలో, అదే సంవత్సరం అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధం అమలులోకి వచ్చింది. 1994 ఎన్నికల్లో మద్యనిషేధం ప్రధాన వాగ్దానమైంది. 1995 జనవరి 16 నుండి సంపూర్ణ మద్యనిషేధం అమలైంది. 1997లో ప్రభుత్వం దానిని సడలించింది. ఈ సడలింపును ఆధారంగా చేసుకుని ఉద్యమం విఫలమైందని తీర్పు చెప్పడం తొందరపాటు. నిషేధం ఒక విధానం. విధానాన్ని తెప్పించగలమన్న అనుభవం వేరు. మొదటిదాన్ని ప్రభుత్వం వెనక్కి తీసుకోగలదు. రెండవదాన్ని తీసుకోలేదు.

ఉద్యమానంతరం నెల్లూరు స్త్రీల కూడికకు మరొక రూపం వచ్చింది. రోజుకు ఒక రూపాయి దాచే ‘పొదుపు లక్ష్మి’ సంఘాలు ఏర్పడ్డాయి. రాత్రిబడిలో పలక పట్టిన చేతికి పొదుపు పుస్తకం వచ్చింది. సంతకం చేయగలగడం, లెక్క చూసుకోగలగడం ఇక్కడ నేరుగా ఉపయోగపడ్డాయి. ఆర్థికంగా దీనివల్ల కలిగిన మేలును తక్కువ చేయనక్కరలేదు. అయితే ‘సీతమ్మ’ నుండి ‘లక్ష్మి’కి జరిగిన ప్రయాణంలో ఒక దిశ మార్పు ఉంది. సీతమ్మ దుకాణం ఎందుకుందని ప్రశ్నించిన స్త్రీ. లక్ష్మి రూపాయి దాచే గృహిణి. ప్రభుత్వాన్ని నిలదీసిన బృందం, ప్రభుత్వ పథకాల లబ్ధిదారు బృందంగా క్రమంగా రూపాంతరం చెందింది. 2001 జనాభా లెక్కల్లో రాష్ట్ర స్త్రీల అక్షరాస్యత 50 శాతం దాటింది. మిషన్ నిర్వచనంలోని మొదటి భాగాన్ని అంకెలతో కొలవవచ్చు. సంఘటిత చర్యను గూర్చిన రెండవ భాగాన్ని జనాభా లెక్కలు కొలవవు. కొలవని భాగం క్రమంగా కార్యక్రమాల నుండి జారిపోయింది.

ముగింపు

పై పరిశీలన వల్ల మూడు అంశాలు తేలుతున్నాయి. మొదటిది, నెల్లూరు ఉద్యమానికి వాచకం కారణం అనడం కన్నా, స్త్రీల అనుభవం, రాత్రిబడి అనే స్థలం, కథ అనే రూపం ఒకే కాలంలో కలిసిన ఫలితం అనడం చారిత్రకంగా యుక్తం. రెండవది, వయోజన వాచకం విధినిషేధాల పద్ధతిని విడిచి స్త్రీని కర్తగా నిలిపిన కథన పద్ధతిని స్వీకరించినప్పుడు సమస్య నిర్వచనమే మారింది. మూడవది, చదువరులు కథావస్తువుగా మారినా, ఆ కథను రాసే అధికారం వారి చేతికి పూర్తిగా రాలేదు. ‘ఆడవాళ్ళు ఏకమైతే’ పాఠం దూబగుంట స్త్రీలను గూర్చి వచ్చింది. దూబగుంట స్త్రీలు రాసిన పాఠం వాచకంలో చేరి ఉంటే అనియత విద్య తన నిర్వచనాన్ని పరిపూర్ణంగా నెరవేర్చినట్లయ్యేది.

ఈ మూడవ అంశం తెలుగు శాఖల పరిశోధనకు ఒక బాధ్యతను నిర్దేశిస్తుంది. అక్షరాస్యతా ఉద్యమ కాలపు వాచకాలు, కళాజాతా గేయాలు, కరపత్రాలు చవక కాగితంపై అచ్చై, చేతులు మారి, నలిగిపోయే స్వభావం కలవి. వాటిని జిల్లాలవారీగా సేకరించి భద్రపరచడం అవసరం. అంతకన్నా ముందు, ఆ వాచకాలు చదివిన స్త్రీల మాటలను వారి మాండలికంలోనే నమోదు చేయాలి. ఆనాడు ముప్పై ఏళ్ల వయసులో పలక పట్టినవారు నేడు వృద్ధులు. వాచకాన్ని గ్రంథాలయం కొంతకాలం దాచగలదు. దానిని చదివినప్పుడు ఏ మాట దగ్గర ఆగారో, ఏ మాటకు నవ్వారో, ఏ మాట తరువాత లేచి నడిచారో చెప్పగలిగినవారు వారే.